ద్రాక్షాపాకమూ తీగపాకమూ



రెండు నెలలుగా ఇక్కడ కొత్త టపా ఏదీ కనపడకపోయేసరికి ఒకరిద్దరు మిత్రులు ఆరోగ్యం ఎలా ఉన్నదని జాబులు వ్రాశారు. నా ఆరోగ్యానికి లోటేమీ లేదు. మా ఇంటావిడ పెరట్లో నాచు మీద కాలు జారి పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నది. వైద్యులు ఆరు వారాల పాటు కట్టు కట్టారు. ఆ ఆరు వారాలూ ఇల్లు నా చేతికి వచ్చింది. నా చేతికి ఏమి వచ్చునో అప్పుడు తెలిసింది. ఏమీ రాదు.

ముప్పైమూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. సంధులు, సమాసాలు, ఛందస్సు, అలంకారాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అటువంటివాడు ఇద్దరికి అన్నం వండలేక, నాలుగు పంచెలు ఉతకలేక, ఇంటికి వచ్చిన అతిథికి సవ్యంగా వడ్డించలేక అల్లాడిపోయాడు. దీనిని హాస్యంగా వ్రాయవచ్చు. మా అబ్బాయి ఫోనులో విని అలాగే నవ్వాడు. కాని ఆలోచించినకొద్దీ ఇది నవ్వులాట వ్యవహారం కాదనిపించింది. మనం దేనిని విద్య అన్నాం, దేనిని అనలేదు అన్నది ఇందులో అసలు ప్రశ్న. అందుకే ఈ టపా కాస్త పొడుగైనది. ఓపికగా చదవగలరు.

పలుకు తెలియని పండితుడు

మా ఆవిడకు కుక్కరు అన్నం గిట్టదు. గిన్నెలో వండి గంజి వార్చవలసిందే. మొదటిరోజు వసారాలో కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"ఏమండీ, బియ్యం గాలించారా? ఎసరు మరిగిందా? పలుకు మీద ఉండగానే వార్చేయండి."

ఈ మూడు వాక్యాలలో ఒక్క సంస్కృత పదం లేదు. అన్నీ అచ్చతెనుగు మాటలే. అయినా నాకు సగం అర్థం కాలేదు. గాలించడమంటే పోలీసులు దొంగ కోసం చేసే పని అనుకుంటూ ఉండేవాణ్ణి. నీళ్ళు పోసి గిన్నెను మెల్లగా ఊపుతూ, బియ్యాన్ని నీటితోపాటు మరో గిన్నెలోకి జార్చి, అడుగున రాళ్ళను మిగల్చడమని ఆనాడు తెలిసింది. ఇక పలుకు అంటే నాకు మాట. మెతుకును వేళ్ళ మధ్య నొక్కితే లోపల తగిలే సన్నటి గట్టితనం పలుకు అట. ఆ పలుకు సరిగా తగిలే క్షణంలో గిన్నె దించాలి. అది పోతే అన్నం ముద్ద, ఎక్కువ ఉంటే బిరుసు. కొత్తబియ్యానికి నీరు తక్కువ, పాతబియ్యానికి ఎక్కువ. ఇవి ఏ గడియారం చూసీ తెలిసేవి కావు, వేలికొసకు తెలియవలసినవి.

మూడోవారంలో మనవడు వస్తున్నాడని వేరుసెనగ ఉండలు చేయమన్నది. బెల్లం కరిగించి పాకం పట్టాను. రెండు వేళ్ళ మధ్య పాకం తీగలా సాగేసరికి ఎంతో సంతోషించి దించేశాను. అది తీగపాకం. ఉండలకు అది చాలదు. చుక్క నీళ్ళలో వేస్తే గట్టిపడి, గిన్నెకు తగిలితే టక్కుమని మోగేదాకా ముదరనివ్వాలి. నా ఉండలు ఉండలు కాలేదు. మనవడు వాటిని చెంచాతో తిన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కవిత్వంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు పాకాలున్నాయని ఎన్ని వందలమంది పిల్లలకు చెప్పానో! ద్రాక్ష నోట వేసుకోగానే రసం ఊరినట్లు అర్థం తెలిసేది మొదటిది. అరటిపండు తొక్క తీసినట్లు కొంచెం శ్రమపడితే అందేది రెండవది. కొబ్బరికాయ పగలగొట్టవలసినది మూడవది. ఇవన్నీ ఉపమానాలు. ఉపమానమంతా నాకు కంఠస్థమే. ఆ పాకమనే మాట పుట్టిన పొయ్యి దగ్గరకు మాత్రం నేనెన్నడూ వెళ్ళలేదు.

మరొక తప్పు ఒప్పుకోవాలి. దంచు, నూరు, రుబ్బు, విసురు అనే క్రియలను పర్యాయపదాలని తరగతిలో నేనే చెప్పినట్లు గుర్తు. అవి పర్యాయపదాలు కానే కావు. రోట్లో వేసి రోకలితో దంచుతాం. సన్నికల్లు మీద నూరుతాం. రుబ్బురోట్లో పొత్రంతో రుబ్బుతాం. తిరగలిలో విసురుతాం. నాలుగు పనిముట్లు, నాలుగు చేతి కదలికలు, నాలుగు రకాల పిండి. ఇప్పుడు అన్నింటికీ కలిపి 'మిక్సీ పట్టడం' అంటున్నాం. మిక్సీని నేను నిందించడం లేదు. అది మా ఆవిడ భుజాలను కాపాడింది. కాని క్రియ పోయిన చోట దానితోపాటు ఒక తెలివిడి కూడా పోతున్నదని భాషాభిమానులమైన మనమైనా గుర్తించాలి. నిఘంటువుల కోసం మనం పడుతున్న ఆరాటంలో పదోవంతు వంటింటి మీద పెట్టినా ఎన్నో మాటలు దక్కేవి.

పోపులో కూడా అన్వయక్రమం ఉన్నది సుమండీ! నిదానంగా వేగే శనగపప్పు, మినప్పప్పు ముందు. అవి రంగు తిరుగుతుండగా ఆవాలు, జీలకర్ర. తరువాత ఎండుమిరప. చివర కరివేపాకు, ఇంగువ. క్రమం తప్పితే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా మిగులుతుంది. నేను మొదటిసారి అన్నీ కలిపి ఒకేసారి నూనెలో వేశాను. దుష్టసమాసం.

చిత్రలిపి

బట్టల సంగతికి వస్తాను. కొత్త ఎర్ర తువ్వాలును నా తెల్లపంచెలతో కలిపి నానబెట్టాను. పంచెలన్నీ గులాబి రంగుకు తిరిగాయి. తడిపిన తెల్లగుడ్డతో కొత్తబట్ట అంచును రుద్ది చూస్తే రంగు దిగేదో కాదో ముందే తెలిసిపోతుందట. అరనిమిషం పని. ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

చొక్కా మెడ వెనుక చిన్న పట్టీ మీద ఏవో బొమ్మలుంటాయి. ఇన్నేళ్ళుగా అవి గుచ్చుకుంటున్నాయని కత్తిరించి పారవేయడమే నాకు తెలుసు. అది ఒక చిత్రలిపి. నీటితొట్టి బొమ్మ ఉతకడానికి గుర్తు. అందులోని అంకె నీటి వేడికి గరిష్ఠ హద్దు. త్రికోణం రంగు వెలికించే మందుకు గుర్తు. ఇస్త్రీపెట్టెలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే మధ్యరకం వేడి, మూడుంటే ఎక్కువ వేడి అని అర్థం. దేని మీదనైనా అడ్డంగా గీతలు కొట్టి ఉంటే ఆ పని చేయరాదు. చాలా దేశాలలో వాడే గుర్తులివి. శాసనాల లిపి చదవాలని ఉబలాటపడిన నేను నా మెడ మీది శాసనాన్ని చదవలేదు.

కొనే విద్య ఇంకొకటి. పోచంపల్లి చీరను తిరగవేసి చూడాలి. ఇక్కత్ పనిలో నూలుకు ముందే ముడులు వేసి రంగు అద్ది, ఆ తరువాత నేస్తారు. కాబట్టి నమూనా రెండు వైపులా ఒకేలా పలుకుతుంది. ఒకవైపు నిండుగా, వెనుకవైపు వెలిసినట్లుంటే అది అచ్చు వేసిన గుడ్డ. పట్టో కాదో తెలియాలంటే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడాలి. నిజమైన పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. దుకాణంలో పోగు కాల్చడం కుదరదనుకుంటే 2004లో వచ్చిన సిల్క్ మార్క్, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చీటీలున్నాయేమో చూడాలి. ఇంటికి తెచ్చాక పట్టుచీరను నీడన ఆరవేయాలి, ఏడాదికి రెండు మూడు సార్లు మడతలు మార్చాలి. లేకపోతే మడత వెంట జరీ చిట్లుతుంది. మా పెళ్ళినాటి చీర నలభై ఏళ్ళయినా చెక్కుచెదరకపోవడం నేత గొప్పతనమనుకునేవాణ్ణి. సగం నేతది. మిగతా సగం ఏటా ఎవరూ చూడకుండా మడత మార్చిన చేతిది.

చదువు వచ్చినవాడు చదవలేనిది

రెండోవారంలో విసుగు పుట్టి కర్రీ పాయింటును ఆశ్రయించాను. వారం తిరిగేసరికి కడుపు మొరాయించింది. మళ్ళీ సరుకులు కొనక తప్పలేదు. అప్పుడు పొట్లాల మీద వ్రాతలు చదవడం మొదలుపెట్టాను. ఎంత సమాచారమున్నదో!

పొట్లంలో ఏమేమి కలిపారో ఆ పేర్లను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా వ్రాయాలి. అంటే మొదటి పేరే పెద్ద భాగం. బాదం బొమ్మ వేసిన డబ్బా ఒకటి తెచ్చాను. మొదటి పేరు చక్కెర. బాదం కోసం చాలా దూరం ప్రయాణించవలసి వచ్చింది. ఇక తేదీలు. ఫలానా తేదీలోపు వాడాలన్నది దాటితే తినరాదు. ఫలానా తేదీ వరకు శ్రేష్ఠం అన్నది రుచికీ నాణ్యానికీ సంబంధించిన హామీ. ఈ రెండింటి తేడా తెలియక కొందరు మంచి సరుకును పారవేస్తారు, కొందరు చెడిన సరుకును తింటారు. ఎమ్మార్పీ అన్నది అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. అంతకన్న తక్కువకు అమ్మవచ్చు, ఎక్కువకు అమ్మరాదు. శీతలపు ఖర్చు అంటూ పైన రెండు రూపాయలు అడిగితే ఇవ్వనక్కరలేదు. ఆహార పదార్థాల మీద పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. మోసపోతే 1915 అనే సంఖ్యకు ఫోను చేయవచ్చు. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది. దాని ప్రకారం కొన్నచోట కాక, మనమున్నచోటనే ఫిర్యాదు దాఖలు చేసుకోవచ్చు. వీటన్నింటికీ మూలం రసీదు. నేను రసీదులను పుస్తకాలలో పుట గుర్తులుగా వాడేవాణ్ణి.

ఇక్కడ మన తెలుగు బ్లాగరులందరికీ పట్టవలసిన సంగతి ఒకటున్నది. ఆహారపు పొట్లం మీది వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలోని హిందీలోనో ఉండాలని నిబంధన. అదనంగా మరో భాషలో వ్రాసుకుంటే అభ్యంతరం లేదు. అంటే తెలుగును వద్దనలేదు, కావాలనీ అనలేదు. తప్పనిసరి కాని దానిని వ్యాపారి ఎందుకు చేస్తాడు? మా వీధిలో కూరగాయలమ్మే అవ్వ తెలుగు చక్కగా చదువుతుంది. ఆమెకు చక్కెరజబ్బు. బిస్కట్ పొట్లం మీద ఏమున్నదో ఆమె చదువు ఆమెకు చెప్పలేదు. గణకయంత్రంలో తెలుగు అక్షరం కనపడాలని మనమందరం ఎంత తపించామో గుర్తున్నదా? ఆ అక్షరం ఉప్పు పొట్లం మీదికి కూడా రావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ఆహారం మీద తెలుగు తప్పనిసరి చేయాలన్నది నా మొదటి కోరిక. ప్రాచీనభాష హోదా కన్న ఇది ఆ అవ్వకు ఎక్కువ ఉపకారం.

ప్రశ్నార్థకమా, విధ్యర్థకమా?

నాలుగోవారంలో నా పాత విద్యార్థి భార్యాసమేతంగా వచ్చాడు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండున్నర. నేను ఎంతో మర్యాదగా "భోజనం చేస్తారా?" అని అడిగాను. "లేదు మాష్టారూ, తిని వచ్చాం" అని, మంచినీళ్ళు త్రాగి వెళ్ళిపోయారు.

వాళ్ళు గుమ్మం దాటాక మా ఆవిడ అన్నది: "చేస్తారా అని అడిగితే ఎవరైనా చేస్తామంటారా? ఆ అమ్మాయి మొహం చూశారా, ఎండలో వాడిపోయి ఉన్నది. లేవండి, కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తున్నాను అనాలి."

వ్యాకరణం ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ప్రశ్నార్థకం అతిథి మీద భారం వేస్తుందనీ, విధ్యర్థకం ఆ భారాన్ని తీసివేస్తుందనీ ఆవిడకు తెలుసు. మన ఇళ్ళలోని మర్యాద చాలావరకు ఇలాంటి మాటల పొందికలోనే ఉన్నది. వెళ్ళేటప్పుడు 'వస్తాను' అంటాం. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. విస్తట్లో కూర మిగలకుండా తిన్నవారిని 'ఇంకా కావాలా?' అని అడగం, 'కొద్దిగా' అంటూ కొసరి వడ్డిస్తాం. వడ్డించేటప్పుడు వంటకం కొంచెమే ఉంటే అందరికీ కొంచెమే. పంక్తిలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చేయడం పెద్ద తప్పు. పక్కవారు తింటుండగా ముందే లేవడం మరొక తప్పు.

మర్యాద అనే సంస్కృత పదానికి హద్దు, ఒడ్డు అని అసలు అర్థం. సముద్రం తన మర్యాద దాటదు అంటాం. ఎదుటివారు సిగ్గుపడే చోటికి మన మాటను పోనివ్వకుండా గీసుకునే గీత అన్నమాట.

అయితే ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. పంక్తిభేదం కూడదన్న ఆచారమే, ఆ పంక్తిలో ఎవరు కూర్చోవచ్చునో కూడా నిర్ణయించింది. మర్యాద పేరుతో కొందరిని గుమ్మం బయట నిలిపిన ఇళ్ళు మా ఊళ్ళోనే ఎన్నో చూశాను. మా చిన్నతనపు ఇల్లు అందుకు మినహాయింపు కాదు. కనుక పాత మర్యాదలన్నీ తిరిగి రావాలని నేను వాదించడం లేదు. నా జీవితంలో నేను చూసిన మంచి పంక్తి పెళ్ళిళ్ళలోది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో బళ్ళలో మధ్యాహ్న భోజనం వచ్చాక, మా బడి వరండాలో అన్ని వాడల పిల్లలూ మోకాలికి మోకాలు తగిలించి కూర్చున్న పంక్తి అది. వడ్డన చూసే బాధ్యత నాది. అక్కడ పిల్లలే నాకు నేర్పారు. గుడ్డు ఇచ్చే రోజున చివరి పిల్లవాడికి అందేదాకా మొదటివాడు ఒలవకుండా ఆగేవాడు. ఎవరూ చెప్పకుండానే.

ఎవరి విద్య ఇది?

ఇక నా వాదన. ఈ పనులన్నీ విద్యలే. వీటికి పరిశీలన కావాలి, క్రమం కావాలి, అభ్యాసం కావాలి. అయినా మనం వీటిని విద్యగా ఎంచలేదు. ఎంచినప్పుడు కూడా సగంమందికే పరిమితం చేశాం.

చరిత్ర చూడండి. 1883లో కందుకూరి వీరేశలింగంగారు 'సతీహితబోధిని' పత్రికను స్త్రీల కోసం ప్రారంభించారు. 1928లో కె.ఎన్. కేసరిగారు మద్రాసులో 'గృహలక్ష్మి'ని ప్రారంభించారు. ఆ పత్రికలు చేసిన మేలును నేను తక్కువ చేయను. కాని పేర్లు చూడండి: సతి, గృహలక్ష్మి. మగవాడికి ఇల్లు నడపడం నేర్పే పత్రిక మనకు ఏదీ? పురాణాలలో మాత్రం వంటలో మేటి ఎవరని అడిగితే నలుడు, భీముడు అంటాం. విరాటుని కొలువులో వలలుడై గరిట పట్టినది భీముడు. బాహుకుడు నలుడేనని దమయంతి పోల్చుకున్న ఆనవాళ్ళలో వంట రుచి ఒకటి. వాళ్ళిద్దరూ రాజుల కొలువులో వండారు గనుక అది కళ అయింది. ఇంట్లో రోజూ వండే చేతికి అది పనిగానే మిగిలింది.

బడిలో నేర్పే ప్రయత్నాలు జరగలేదా? జరిగాయి. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపే నయీ తాలీమ్‌ను ప్రతిపాదించారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సమాజోపయోగకరమైన ఉత్పాదక పని అనే అంశాన్ని పాఠ్యప్రణాళికలో పెట్టమన్నది. మా బడి కాలపట్టికలో కూడా ఆ పీరియడు ఉండేది. ఏమయింది? పరీక్షలో మార్కులు లేవు గనుక లెక్కల మాష్టారు కొన్ని, ఇంగ్లీషు మాష్టారు కొన్ని పంచుకున్నారు. మిగిలినవి సిలబస్ పూర్తికాలేదని నేను తీసుకున్నాను. ఆ పీరియడులో పిల్లలు బొత్తాం కుట్టడం నేర్చుకోవలసింది. నేను ఛందస్సు చెప్పాను. వాళ్ళలో ఎందరికి ఈనాడు ఉత్పలమాల గణాలు గుర్తున్నాయో తెలియదు. బొత్తాం మాత్రం అందరికీ ఊడుతుంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పదిరోజులు సంచీ లేని బడి అన్నది. మంచి మాట. కాని నాలాంటి మాష్టార్లు ఉన్నంతకాలం ఆ పదిరోజులకూ ఏదో ఒక సిలబస్ అడ్డుపడుతూనే ఉంటుంది.

మా అబ్బాయి ఫోనులో నవ్వాడన్నాను గదా. నవ్వి, తరువాత మెల్లగా అన్నాడు: "నాన్నా, అమెరికా వచ్చిన మొదటి నెలలో నేనూ ఇంతే. అమ్మ రోజూ ఫోనులో చెబితే నేర్చుకున్నాను. మీకు తెలియదు, మీరు అప్పుడు బడిలో ఉండేవారు." సముద్రం దాటితేగాని మన మగపిల్లలకు అన్నం వండడం రాదన్నమాట. ప్రవాసంలో ఉన్న మిత్రులు చాలామంది ఈ మాట ఒప్పుకుంటారనుకుంటాను.

దీనికి రెండు ఆక్షేపణలు ఊహించగలను. మొదటిది: ఇప్పుడు అన్నీ యంత్రాలు చేస్తున్నాయి, తెలియనివి వీడియో చూస్తే తెలుస్తాయి, ప్రత్యేకంగా నేర్పడమెందుకు? నేనూ వీడియోలు చూశాను. అవి వాళ్ళ బియ్యానికి చెబుతాయి, నా బియ్యానికి కాదు. నా గిన్నెలోని పలుకును నా వేలే చూడాలి. యంత్రం చేతిని తప్పిస్తుంది. తీర్పును తప్పించదు. ఏది ఉతకాలి, ఎంత వేయాలి, ఎప్పుడు దించాలి అన్నది మన మీదనే ఉంటుంది.

రెండవది ఇంతకన్న బలమైనది: ఈ పనులను ఆకాశానికెత్తి ఆడవాళ్ళను మళ్ళీ వంటింటికి కట్టివేస్తారా? ఆ భయం న్యాయమైనదే. ఈ నైపుణ్యాన్ని పొగిడినవాళ్ళలో చాలామంది పొగిడి, చేతులు కడుక్కుని, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళే. నేనూ ఆ పంక్తిలోవాణ్ణే. అందుకే నా మాట పొగడ్త కాదు, పంపకం. అందరికీ నేర్పితే ఒకరి మీద పడదు. మణికట్టు ఎవరిది విరిగినా ఇల్లు నడుస్తుంది.

కనుక పదో తరగతి దాటేలోపు ఆడ, మగ తేడా లేకుండా ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఈ ఆరు పనులు రావాలని నా అభిప్రాయం:

1. అన్నం, పప్పు, ఒక కూర తనంతట తాను వండగలగాలి.
2. తన బట్టలు ఉతికి, ఆరవేసి, మడతపెట్టగలగాలి. బొత్తాం, చిరుగు కుట్టుకోగలగాలి.
3. పొట్లం మీది వ్రాత చదివి, కొనాలో వద్దో తేల్చుకోగలగాలి. రసీదు దాచాలి.
4. అయిదువందల రూపాయలతో నలుగురికి రెండురోజుల సరుకులు లెక్కవేసి తేగలగాలి.
5. అతిథికి వడ్డించగలగాలి. తాను అతిథిగా వెళ్ళినప్పుడు తిన్న కంచం తీయగలగాలి.
6. ఇంట్లో ఒకరు మంచాన పడితే వారికి జావ కాచి పెట్టగలగాలి.

వీటికి మార్కులు వద్దు. మార్కులు పెడితే గైడ్లు వస్తాయి.

కొబ్బరిచిప్పల పొయ్యి

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు అన్నం పెట్టే పద్యాలు మీలో చాలామందికి తెలుసు. ఏ ఋతువుకు తగిన భోజనం ఆ ఋతువులో. వానాకాలపు పద్యంలో ఒక చిన్న ముచ్చట ఉన్నది. కట్టెలు తడిసి ఉంటాయి గనుక, భార్య కళ్ళలోకి పొగ పోకుండా కొబ్బరిచిప్పలతో పొయ్యి వెలిగించే ఏర్పాటు చేస్తాడు. అయిదువందల ఏళ్ళ క్రితం రాయలవారు, రాజై ఉండి, పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి కళ్ళను తలచుకున్నారు.

సందర్భం వచ్చినప్పుడల్లా ఆ పద్యాన్ని రాగం తీసి చదివి, రాయలవారి లోకజ్ఞతను గంటసేపు పొగిడేవాణ్ణి. ఆ సంవత్సరాల్లో మా ఇంట్లో కట్టెలపొయ్యే. గ్యాసుకు పేరు వ్రాయించి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాలం. వానాకాలంలో బడి నుంచి వచ్చేసరికి మా ఆవిడ కళ్ళు ఎర్రగా ఉండేవి. నేను కాళ్ళు కడుక్కుని కాఫీ అడిగేవాణ్ణి. పెరట్లో రెండు కొబ్బరిచెట్లుండేవి. చిప్పలు గోడపక్క కుప్పగా పడి ఉండేవి. ఆ పద్యం నోటికి వచ్చినవాడికి ఆ కుప్ప కనపడలేదు.

ఈ మాట ఆవిడతో అన్నాను. కాసేపు ఊరుకుని, "ఇప్పుడు గ్యాసు ఉన్నదిగా, ఎసరు చూడండి" అన్నది.

కట్టు విప్పి పదిరోజులయింది. చేతికి బరువు తగలరాదన్నారు గనుక ఉదయం అన్నం వార్చే పని ఇంకా నాదే. చేయి బాగయ్యాక కూడా నాదేనని చెప్పాను. ఆవిడ నమ్మినట్లు లేదు. ఆవకాయ జాడీలో తడి గరిట పెట్టి బూజు పట్టించినవాణ్ణి నమ్మడానికి కొంత కాలం పడుతుంది.

మిత్రులకు ఒక విన్నపం. మీ ప్రాంతంలో, మీ అమ్మమ్మ, నాయనమ్మల నోట విన్న వంటింటి మాటలు, బట్టల మాటలు, వడ్డన మాటలు వ్యాఖ్యలలో వ్రాయండి. ఒకచోట పోపు, ఒకచోట తాలింపు, మరోచోట తిరగమోత అంటాం గదా, అలాంటివి ఎన్ని ఉన్నా సరే. రాయలసీమ, తెలంగాణ, కళింగాంధ్ర మిత్రులు ముఖ్యంగా వ్రాయగోరుతున్నాను. ఆ మాటకు ఏ పని చేస్తారో కూడా వ్రాయండి. నాకు అర్థం చెబితే చాలదని ఇప్పుడు తెలిసింది.

స్వస్తి.